భారం పడే వేగం, పదార్థం చూపే బలం

అరిసెలకు గాని, పల్లీ ఉండలకు గాని బెల్లం పాకం పట్టేవారికి ఒక సంగతి బాగా తెలుసు. పళ్ళెంలో కాసిని నీళ్ళు పోసి, ఉడుకుతున్న పాకం చుక్కను అందులో వేసి, వేళ్ళతో తీసి చూస్తారు. ముదిరిన పాకాన్ని మెల్లగా లాగితే తీగలా సాగుతుంది. అదే పాకాన్ని ఉండచేసి పళ్ళేనికేసి కొడితే ఠంగుమని మోగుతుంది; ఇంకా గట్టిగా కొడితే పెళుసుగా విరుగుతుంది. పాకం ఒక్కటే, దాని వేడి ఒక్కటే. మారింది చెయ్యి కదిలిన వేగం మాత్రమే. కాబట్టి “ఈ పాకం బలం ఎంత?” అని ఎవరైనా అడిగితే, “ఎంత వేగంతో లాగినప్పుడు?” అన్న ఎదురు ప్రశ్న వేయక తప్పదు.

ఇదే ఎదురు ప్రశ్న నేటి విమానాల రెక్కలకు, గాలిమరల రెక్కలకు, గ్యాసు సిలిండర్లకు కూడా వర్తిస్తుంది. వీటిలో చాలావాటిని గాజు పోగులతోనో కార్బన్ పోగులతోనో బలపరచిన ఎపాక్సీతో తయారుచేస్తారు. 2011లో ప్రయాణికుల సేవలోకి వచ్చిన బోయింగ్ 787 విమానం నిర్మాణపు బరువులో దాదాపు సగం ఇటువంటి పదార్థాలదే. మట్టి గోడలో వరిగడ్డి కలిపిన పాతకాలపు పద్ధతికి ఇది దూరపు చుట్టం. మట్టి ఆకారాన్ని నిలబెడుతుంది, గడ్డి పగులును ఆపుతుంది. ఇక్కడ మట్టి స్థానంలో ఎపాక్సీ జిగురు, గడ్డి స్థానంలో వెంట్రుకలో పదోవంతు మందం గల పోగులు ఉంటాయి. కాంపోజిట్ అని పిలిచే ఈ జంట పదార్థంలో భారాన్ని మోసేది ప్రధానంగా పోగులు. ఆ భారాన్ని ఒక పోగునుంచి మరొక పోగుకు అందించేది, పోగులను వంగిపోకుండా పట్టి ఉంచేది జిగురు.

తయారీదారులు ఇచ్చే పట్టికలో ఇటువంటి పదార్థపు బలం ఒకే ఒక అంకెగా కనిపిస్తుంది. ఆ అంకె ఎక్కడనుంచి వచ్చిందో చూడాలి. పరిశ్రమలో విస్తృతంగా అనుసరించే ఏఎస్‌టీఎమ్ డి3039 అనే ప్రమాణం ప్రకారం, పలుచని పట్టీలాంటి నమూనాను యంత్రంలో బిగించి, సాధారణంగా నిమిషానికి 2 మిల్లీమీటర్ల వేగంతో లాగుతారు. నమూనా ఒకటినుంచి పది నిమిషాలలోపు తెగేలా వేగాన్ని ఎంచుకోవాలని ఆ ప్రమాణం చెబుతుంది. అంటే పట్టికలోని అంకె “నింపాదిగా, నిమిషాల మీద లాగినప్పుడు ఈ పదార్థం ఇంత బలం చూపింది” అన్న మాటకు కుదింపు. ఆకాశంలో ఎదురైన పక్షి రెక్కను తాకే సమయం మాత్రం సెకనులో వెయ్యోవంతు. గ్యాసు సిలిండరు తన లోపలి పీడనాన్ని భరించవలసిన కాలం పదిహేను, ఇరవై ఏళ్ళు. ఈ రెండు కొసల మధ్య ఆ ఒక్క అంకె ఎంతవరకు నిలుస్తుంది?

వేగాల నిచ్చెన

భారం పడే వేగాన్ని ఇంజనీర్లు “వికృతి వేగం” అనే కొలతతో చెబుతారు. ఒక మీటరు పొడవున్న కడ్డీ ఒక సెకనులో ఒక మిల్లీమీటరు సాగితే దాని వికృతి వేగం సెకనుకు 0.001. పైన చెప్పిన నిదానపు పరీక్షలో 150 మిల్లీమీటర్ల పట్టీని నిమిషానికి 2 మిల్లీమీటర్ల చొప్పున లాగుతుంటే ఈ విలువ సెకనుకు సుమారు 0.0002. కార్బన్ కాంపోజిట్ పోగుల దిశలో సుమారు 1.5 శాతం సాగి తెగుతుంది కనుక ఆ పరీక్ష ఒక నిమిషానికి కాస్త పైగా నడుస్తుంది.

కారు గుద్దుకున్నప్పుడు దాని భాగాలలో వికృతి వేగం సెకనుకు ఒకటినుంచి వంద వరకు ఉంటుంది. పక్షి తాకిడిలో వందల్లోకి వెళ్తుంది. వడగళ్ళు, తూటాలు, ఎగిరివచ్చే లోహపు ముక్కలు వేలకు తీసుకుపోతాయి. నిదానపు పరీక్షకూ పక్షి తాకిడికీ మధ్య తేడా సుమారు పది లక్షల రెట్లు. నిచ్చెన కింది మెట్ల మీద ఏళ్ళ తరబడి కదలకుండా నిలిచే భారాలు ఉంటాయి. అక్కడ వికృతి వేగం దాదాపు శూన్యం.

ఇంత పొడవైన నిచ్చెన మీద కాంపోజిట్ ప్రవర్తన అర్థం కావాలంటే అందులోని పాత్రధారులను విడివిడిగా చూడాలి. వేగానికి జిగురు స్పందించే తీరు వేరు, గాజు పోగు స్పందించే తీరు వేరు, కార్బన్ పోగు తీరు వేరు.

జిగురు: తీరిక దొరకని అణువులు

గట్టిపడిన ఎపాక్సీ అంటే పొడవైన అణు గొలుసులు ఒకదానితో ఒకటి ముడిపడి ఏర్పడిన ఒక వల. గది ఉష్ణోగ్రతలో ఇది గాజులా గట్టిగా ఉంటుంది గాని, గొలుసులోని చిన్న చిన్న ముక్కలు వేడివల్ల నిరంతరం కంపిస్తూనే ఉంటాయి. ఒక్కో ముక్క తన చోటునుంచి పక్క చోటికి గెంతాలంటే మధ్యలో ఒక శక్తి గట్టును దాటాలి. బయటనుంచి బలం పడినప్పుడు ఆ గట్టు ఒక వైపుకు కొంచెం కుంగుతుంది. అప్పుడు ఆ వైపుకు గెంతేవి ఎక్కువ, వెనక్కు వచ్చేవి తక్కువ అవుతాయి. పదార్థం శాశ్వతంగా సాగుతుంది.

ఈ చిత్రాన్ని గణితంలోకి మార్చినవాడు రసాయన శాస్త్రవేత్త హెన్రీ ఐరింగ్. 1936లో ఆయన ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం, మెల్లగా లాగినప్పుడు అణువుల ముక్కలకు తమ వంతు కోసం వేచి ఉండే తీరిక ఉంటుంది. కంపనాలు వాటంతట అవే గట్టును దాటిస్తాయి, బయటి బలం కొంచెం తోడైతే చాలు. వేగంగా లాగినప్పుడు ఆ తీరిక లేదు. నిర్ణీత సమయంలో అన్ని గెంతులూ జరగాలంటే గట్టును ఇంకా ఎక్కువగా కుంగదీయాలి, అంటే ఇంకా ఎక్కువ బలం వాడాలి. ఈ సిద్ధాంతం ఇచ్చే ముఖ్య ఫలితం ఒకటుంది: వేగం పదింతలైన ప్రతిసారీ పదార్థం లొంగడానికి కావలసిన ప్రతిబలం ఒకే మొత్తం చొప్పున పెరుగుతుంది. వేగం పదినుంచి వందకు పెరిగినా, వందనుంచి వేయికి పెరిగినా చేరే మొత్తం ఒక్కటే. ప్రయోగాల్లో చాలా దూరం ఇది నిజమేనని తేలింది. అతి వేగాల దగ్గర మాత్రం పెరుగుదల ఇంకా నిటారుగా ఉంటుంది. అక్కడ గొలుసులోని ఇంకా చిన్న ముక్కలకు కూడా కదిలే సమయం చాలకపోవడమే అందుకు కారణం.

ఈ లెక్కలో వేగం, చలి ఒకే పని చేస్తాయి. ఉష్ణోగ్రత తగ్గితే అణువుల కంపనాలు మందగిస్తాయి. వేగం పెరిగితే ఆ కంపనాలకు దొరికే సమయం తగ్గుతుంది. అందుకే వేగంగా దెబ్బ తిన్న ఎపాక్సీ, చలిలో గడ్డకట్టిన ఎపాక్సీలా ప్రవర్తిస్తుంది: మరింత గట్టిగా, మరింత పెళుసుగా. చల్లారిన పాకం ఉండ చూపించేది కూడా ఇదే.

“బలం పెరగడం మంచిదే కదా” అనిపించడం సహజం. చిక్కంతా ఇక్కడే ఉంది. బలం, దెబ్బ ఓర్చుకునే గుణం ఒకటి కావు. పగులు కొస దగ్గర జిగురు కొంత సాగగలిగితే కొస మొద్దుబారుతుంది, పగులు ముందుకు పాకడానికి ఎక్కువ శక్తి కావాలి. సాగే తీరిక లేకపోతే కొస పదునుగానే మిగిలిపోయి, పగులు తేలికగా పరుగెడుతుంది. కనుక దెబ్బ వేగం పెరిగేకొద్దీ జిగురు లొంగే ప్రతిబలం పెరుగుతున్నా, పగులును ఆపే శక్తి కొన్నిసార్లు తగ్గవచ్చు. పగులును ఆపడం కోసమే రబ్బరు కణాలు కలిపి తయారుచేసే దృఢపరచిన ఎపాక్సీలలో ఈ సందేహం మరింత ముఖ్యం. పొరల మధ్య పగులు పాకడానికి కావలసిన శక్తి వేగంతో పెరుగుతుందని కొన్ని ప్రయోగాలు, తగ్గుతుందని మరికొన్ని, మారదని ఇంకొన్ని చెబుతూ వచ్చాయి. రంగంలో ఇప్పటికీ తెగని వాదమిది.

ఇంకొక మెలిక వేడిది. సాగుతున్న జిగురులో ఖర్చయ్యే శక్తి చాలావరకు వేడిగా మారుతుంది. ఎపాక్సీ వేడిని చాలా మెల్లగా ప్రసరింపజేస్తుంది. ఒక సెంటీమీటరు మందం గల ముక్కలోంచి వేడి బయటికి పోవడానికి నిమిషాలు పడుతుంది. నిదానపు పరీక్షలో అంత సమయం ఉంటుంది కనుక వేడి జారిపోతుంది. దెబ్బ మిల్లీసెకనులో ముగిసిపోతే వేడంతా లోపలే ఉండిపోతుంది. 150 మెగాపాస్కళ్ళ ప్రతిబలం దగ్గర 20 శాతం నలిగిన ఎపాక్సీలో, ఆ పనంతా వేడిగా మారితే, ఉష్ణోగ్రత 20 డిగ్రీల దాకా పెరుగుతుంది. అందువల్ల అతివేగపు పరీక్షలో జిగురు మొదట గట్టిపడి, లొంగిన తరువాత తన వేడికి తానే మెత్తబడుతుంది.

పోగులు: కార్బన్‌కు పట్టదు, గాజుకు పడుతుంది

కార్బన్ పోగు సంగతి సులువు. అందులోని కార్బన్ పరమాణువులు పలకలుగా, గట్టి బంధాలతో అమరి ఉంటాయి. గది ఉష్ణోగ్రతలో ఆ బంధాల గట్లను వేడి కంపనాలు దాటించలేవు. కనుక తెగే బలం వేగం మీద దాదాపు ఆధారపడదు. మెల్లగా లాగినా, దెబ్బతో లాగినా దాదాపు ఒకే బలం దగ్గర తెగుతుంది.

గాజు కథ వేరు, ఆ కథ పాతది. గాజు కడ్డీ మీద భారం ఎంతసేపు ఉంచితే అంత తక్కువ బలానికి విరుగుతుందని ఫ్రాన్సులో లూయీ గ్రెనే 1899లోనే గమనించాడు. గాజు పోగు సన్నబడేకొద్దీ బలం ఎందుకు పెరుగుతుందన్న ప్రశ్నకు ఇంగ్లండులో ఏ. ఏ. గ్రిఫిత్ 1920 ప్రాంతంలో జవాబు కనుక్కున్నాడు: గాజు బలాన్ని నిర్ణయించేది దాని ఉపరితలం మీద కంటికి కనబడని పగుళ్ళు. ఈ రెండు గమనికలనూ కలిపే మూడో పాత్ర గాలిలోని తేమ.

గాజు అంటే సిలికాన్, ఆక్సిజన్ పరమాణువులు ఒకదాని తరువాత ఒకటిగా అల్లుకున్న వల. పగులు కొస దగ్గర ఆ బంధాలు బిగుసుకుని ఉంటాయి. అక్కడికి చేరిన నీటి అణువు ఆ బిగిసిన బంధంతో చర్య జరిపి దాన్ని రెండుగా తెంచుతుంది. కొస ఒక్క బంధం ముందుకు జరుగుతుంది, మరో నీటి అణువు తదుపరి బంధం దగ్గరకు వస్తుంది. అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థలో షెల్డన్ వీడర్‌హార్న్ 1967లో వేర్వేరు తేమ స్థాయిల్లో గాజులో పగులు పాకే వేగాన్ని కొలిచి, తేమ పెరిగితే పగులు వేగంగా పాకుతుందని చూపించాడు. ద్రవ నత్రజని చలిలో, ఈ చర్య ఆగిపోయినప్పుడు, అదే గాజు గణనీయంగా బలపడుతుంది.

ఇప్పుడు వేగం పాత్ర స్పష్టమవుతుంది. మెల్లగా లాగితే పగుళ్ళు పాకడానికి నీటికి కావలసినంత సమయం దొరుకుతుంది, పోగు తక్కువ బలానికే తెగుతుంది. వేగంగా లాగితే నీరు తన పని మొదలుపెట్టేలోపు అంతా అయిపోతుంది. గాజులో పగులు పాకే వేగం, దాని కొస మీద పడే ఒత్తిడికి ఒక పెద్ద ఘాతంగా పెరుగుతుంది. ఆ ఘాతాంకం 20 అనుకుని లెక్కిస్తే, లాగే వేగం పదింతలైన ప్రతిసారీ గాజు బలం సుమారు 12 శాతం చొప్పున పెరగాలి. పది లక్షల రెట్ల వేగానికి బలం దాదాపు రెట్టింపు కావాలి. ఈ లెక్క ఒక హద్దు దాకానే చెల్లుతుంది. నీటికి ఏమాత్రం అవకాశం లేనంత వేగం వచ్చాక తేమ వల్ల కలిగే తేడా ముగిసిపోతుంది.

కాబట్టి వేగం పెరిగితే గాజు కొత్తగా బలం సంపాదించుకోవడం లేదు. నిదానపు పరీక్షలో తేమ కాజేసిన బలం వేగపు పరీక్షలో గాజుకు మిగిలిపోతోంది.

దిశను బట్టి నిర్ణేత మారుతుంది

కాంపోజిట్‌లో ఏ పాత్రధారి మాట చెల్లుతుందన్నది భారం పడే దిశను బట్టి ఉంటుంది. పోగుల వెంబడి లాగినప్పుడు పోగులదే పెత్తనం. 1980ల మొదట్లో ఆక్స్‌ఫర్డ్‌లో హార్డింగ్, వెల్ష్ చేసిన ప్రయోగాల్లో ఒకే దిశలో పరచిన కార్బన్ పోగుల ఎపాక్సీ, నిదానంగా లాగినా దెబ్బతో లాగినా ఇంచుమించు ఒకే బలం చూపింది. గాజు పోగుల నేతతో చేసిన ఎపాక్సీ బలం మాత్రం వేగంతోపాటు బాగా పెరిగింది. రెండిటిలోనూ జిగురు ఎపాక్సీయే. కనుక ఈ దిశలో తేడా ప్రధానంగా పోగులనుంచి వచ్చిందే.

అదే కార్బన్ కాంపోజిట్‌ను పోగుల వెంబడి నొక్కితే వ్యవహారం తారుమారవుతుంది. తయారీలో పోగులు ఎంత జాగ్రత్తగా పరచినా ఒకటి రెండు డిగ్రీల వంకర మిగులుతుంది. నొక్కుడు పడినప్పుడు ఆ వంకర పెరగాలని చూస్తుంది, చుట్టూ ఉన్న జిగురు దాన్ని పట్టి ఉంచుతుంది. పొరల మధ్య కోతకు జిగురు లొంగిన క్షణాన పోగుల గుంపు గుంపంతా ఒక్కసారిగా మడతపడి విరుగుతుంది. కట్టకట్టిన చీపురు పుల్లలను నిలువుగా నొక్కితే, కట్టు సడలినచోట పుల్లలు ఒరిగి విరిగినట్టన్నమాట. విరిగేవి పోగులే అయినా, ఎప్పుడు విరగాలన్నది నిర్ణయించేది జిగురు. జిగురు వేగంతో గట్టిపడుతుంది కనుక నొక్కుడు బలం కూడా వేగంతో పెరుగుతుంది. పోర్చుగల్‌లోని పోర్తో విశ్వవిద్యాలయంతో కలిసి జరిగిన పరిశోధనల్లో, విమాన నిర్మాణంలో వాడే ఐఎమ్7-8552 అనే కార్బన్-ఎపాక్సీని సెకనుకు వంద, ఆపై వికృతి వేగాల దగ్గర పరీక్షించి 2010, 2011లలో ఫలితాలు ప్రకటించారు. పోగుల వెంబడి నొక్కుడులోనూ, పోగులకు అడ్డంగా నొక్కుడులోనూ, కోతలోనూ బలం నిదానపు పరీక్షకంటే సుమారు 40 శాతం పెరిగింది. లాగుడులో ఏ మార్పూ చూపని జాతి పదార్థమే నొక్కుడులో ఇంత మారింది.

పోగుకూ జిగురుకూ మధ్య ఉన్న హద్దు మరో పాత్రధారి. గాజు పోగుల మీద తయారీలోనే సిలేన్ అనే రసాయనపు పలుచని పూత వేస్తారు. అది ఒక చేత్తో గాజును, మరో చేత్తో ఎపాక్సీని పట్టుకుంటుంది. తేమలో నానినప్పుడు, వేడికీ చలికీ మార్చి మార్చి గురైనప్పుడు ఈ పట్టు సడలుతుంది. ఒడిశాలోని రూర్కెలా జాతీయ సాంకేతిక సంస్థలో, తేమకూ ఉష్ణోగ్రత మార్పులకూ గురిచేసిన గాజు-ఎపాక్సీ పట్టీలను వేర్వేరు వేగాలతో వంచి, పొరల మధ్య కోత బలం ఎలా మారుతుందో ఏళ్ళ తరబడి పరిశీలించారు. చిన్న పట్టీని రెండు ఆధారాల మీద ఉంచి మధ్యలో నొక్కే ఈ పరీక్ష చూడడానికి సులువైనదే. అయితే వేగం, తేమ, చలి ఒకదాని ప్రభావాన్ని ఒకటి మార్చేస్తాయి గనుక ఏ ఒక్కదాన్నో విడిగా కొలిచి మిగతావాటిని ఊహించడం కుదరదు.

పదిహేను మైక్రోసెకన్లలో కొలత

ఇంత వేగంలో బలాన్ని కొలవడమే ఒక శాస్త్రం. సెకనుకు వెయ్యి వికృతి వేగం దగ్గర, 1.5 శాతానికి తెగే కార్బన్ పట్టీ ఆయుష్షు 15 మైక్రోసెకన్లు, అంటే సెకనులో లక్షోవంతుకు కాస్త ఎక్కువ. మామూలు యంత్రంలోని భారమాపకం దెబ్బ తగిలిన గంటలా మోగుతుంది. ఆ మోత ఇంకా అణగకముందే నమూనా తెగిపోయి ఉంటుంది. ఫలితంగా గీతలో కనిపించే ఎగుడుదిగుళ్ళు నమూనావో యంత్రానివో తేల్చడం కష్టమవుతుంది. పాత ఫలితాల్లోని పరస్పర వైరుధ్యాలకు ఇది ఒక ముఖ్య కారణం.

దారి చూపింది ఒక తండ్రీ కొడుకుల జంట. 1872లో జాన్ హాప్కిన్‌సన్ ఇనుప తీగ కింది చివరకు బరువులు జారవిడిచి, తీగ తెగడం బరువు ఎంత అన్నదాని మీద కాక, బరువు ఎంత ఎత్తునుంచి పడింది అన్నదాని మీద, అంటే తాకే వేగం మీద, ఆధారపడుతుందని చూపాడు. 1914లో ఆయన కొడుకు బెర్‌ట్రమ్ హాప్కిన్‌సన్ పొడవైన ఉక్కు కడ్డీలో ప్రయాణించే ఒత్తిడి అలనే కొలబద్దగా చేసుకున్నాడు. 1949లో హెర్బర్ట్ కోల్‌స్కీ ఆ కడ్డీని రెండుగా చేసి, మధ్యలో నమూనా బిగించాడు. మొదటి కడ్డీలో వచ్చిన అల కొంత వెనక్కు తిరుగుతుంది, కొంత నమూనా గుండా రెండో కడ్డీలోకి పోతుంది. వెనక్కు వచ్చిన అల నమూనా ఎంత వేగంగా వికృతి చెందిందో చెబుతుంది, ముందుకు పోయిన అల అది ఎంత బలాన్ని మోసిందో చెబుతుంది. అలలను నమూనా దగ్గరే కాక, తీరిగ్గా, దూరంగా, కడ్డీ మధ్యలో కొలవవచ్చు. నేటికీ ప్రయోగశాలలు వాడుతున్నది ఈ పద్ధతినే.

ఇందులోనూ ఒక షరతు ఉంది. నమూనా రెండు కొసల దగ్గర బలం సమానమయ్యేందుకు ఒత్తిడి అల దానిలో కొన్నిసార్లు అటూ ఇటూ తిరగాలి. కార్బన్ పోగుల వెంబడి అల వేగం సెకనుకు 9 కిలోమీటర్లకు పైమాటే కనుక, ఒక సెంటీమీటరు నమూనాను దాటడానికి ఒక మైక్రోసెకను చాలు. జిగురు దిశలో అల ఇంతకంటే చాలా మెల్లగా నడుస్తుంది. అందుకే ఎంత వేగంగా పరీక్షించవచ్చు అన్నదానికి యంత్రం ఒక్కటే కాక, పదార్థం కూడా హద్దు గీస్తుంది.

ఒక ఇంజను చెప్పిన పాఠం

ఈ లెక్కలన్నీ ప్రయోగశాల గోడల మధ్యనే ఆగిపోలేదు. 1960లలో ఇంగ్లండులోని ఫార్న్‌బరో విమాన పరిశోధన కేంద్రంలో బలమైన కార్బన్ పోగులు తయారయ్యాయి. రోల్స్-రాయిస్ సంస్థ వాటితో హైఫిల్ అనే పదార్థాన్ని రూపొందించి, లాక్‌హీడ్ ట్రైస్టార్ విమానం కోసం తలపెట్టిన ఆర్‌బీ211 ఇంజను ముందువైపు ఫ్యాన్ రెక్కలను దానితో చేయాలని నిర్ణయించింది. లోహంతో పోలిస్తే బరువు బాగా తగ్గుతుంది. తిరిగే రెక్కను బయటికి లాగే బలం పోగుల వెంబడే పడుతుంది కనుక అక్కడ కార్బన్‌కు ఎదురులేదు. అయితే ఇంజనులోకి పక్షి దూసుకువచ్చినట్టుగా జరిపిన పరీక్షలో ఆ రెక్కలు ముక్కలైపోయాయి. చివరికి టైటానియం రెక్కలకు మారవలసి వచ్చింది. ఖర్చులు పెరిగి, 1971 ఫిబ్రవరి 4న సంస్థ దివాలా ప్రకటించింది. దానికి కారణాలు అనేకం, హైఫిల్ వైఫల్యం వాటిలో ఒకటి.

ఆ రెక్కలను ఓడించింది తన్యత బలం కొరత కాదు. పక్షి దెబ్బ పోగుల వెంబడి లాగదు. అది రెక్కను అడ్డంగా కొట్టి వంచుతుంది, పొరల మధ్య కోతను పుట్టిస్తుంది. అక్కడ భారం మోయవలసింది జిగురు, అదీ తనకు సాగే తీరిక లేని వేగంలో. నిదానపు లాగుడు పరీక్షలో వచ్చిన అంకె వేరే వేగానికి సంబంధించినది, వేరే దిశకు సంబంధించినది కూడా.

ఇటువంటి దెబ్బ పరిమాణం ఊహించడానికి ఒక లెక్క చూడవచ్చు. పెద్ద విమానాల నిర్మాణం 4 పౌండ్ల, అంటే 1.8 కిలోల పక్షి తాకిడిని తట్టుకోవాలని అమెరికా విమాన నిబంధనలు కోరుతాయి. తోక భాగానికి ఇది 8 పౌండ్లు. 1.8 కిలోల పక్షిని సెకనుకు 130 మీటర్ల వేగంతో తాకితే ఆ శక్తి సుమారు 15 కిలోజౌళ్ళు. ఒకటిన్నర టన్నుల కారును ఒక మీటరు ఎత్తునుంచి వదిలితే ఉండే శక్తి అది. అదంతా సుమారు ఒకటిన్నర మిల్లీసెకన్లలో చేతులు మారుతుంది.

కార్బన్ రెక్క ఆలోచన అక్కడితో చచ్చిపోలేదు. 1995లో బోయింగ్ 777తో సేవలోకి వచ్చిన జనరల్ ఎలక్ట్రిక్ వారి జీఈ90 ఇంజనులో కార్బన్-ఎపాక్సీ ఫ్యాన్ రెక్కలు విజయవంతంగా తిరిగాయి. పోగు ప్రాథమికంగా అదే జాతిది. జిగురును దృఢపరచారు, దెబ్బ ముందుగా తగిలే అంచుకు టైటానియం తొడుగు వేశారు. హైఫిల్ ఓడిన రెండు చోట్లనే, అంటే జిగురు ఓర్పులోనూ తొలి దెబ్బ తగిలే అంచులోనూ, మార్పు చేశారు.

నిచ్చెన కింది మెట్టు

వేగమంటే అందరికీ దెబ్బలే గుర్తుకు వస్తాయి గాని, ప్రాణాలకు సంబంధించిన ప్రశ్న అవతలి కొసన కూడా ఉంది. వేగంగా లాగినప్పుడు గాజుకు కనిపించే అదనపు బలం తేమనుంచి తప్పించుకున్న బలమే అయితే, ఏళ్ళ తరబడి భారం మోసినప్పుడు అదే గాజు ఎంత కోల్పోతుంది? ఘాతాంకం 20 అన్న పై లెక్కనే కొనసాగిస్తే, ఒక నిమిషపు పరీక్షలో తెగే బలంలో సుమారు 40 శాతం మాత్రమే గాజు పోగు ఇరవై ఏళ్ళపాటు తెగకుండా మోయగలదని తేలుతుంది. పగిలే సూచన ఏదీ బయటికి కనిపించదు. పగుళ్ళు లోలోపల, ఒక్కో బంధం చొప్పున, పాకుతుంటాయి.

వాహనాల సహజవాయు సిలిండర్లకు అంతర్జాతీయ ప్రమాణాలు రాసినవారు ఈ సంగతిని అంకెల్లోనే పొందుపరిచారు. పోగులు చుట్టిన సిలిండరు పగిలేటప్పుడు పోగుల్లో ఉండే ప్రతిబలం, రోజూ పనిచేసేటప్పుడు ఉండే ప్రతిబలానికి ఎన్ని రెట్లు ఉండాలన్నది పోగు రకాన్ని బట్టి మారుతుంది. కార్బన్‌కు సుమారు 2.35 రెట్లు చాలు. అరామిడ్ పోగులకు సుమారు 3 రెట్లు, గాజుకు సుమారు 3.5 రెట్లు కావాలి. పరీక్షలో రెండూ ఒకే బలం చూపినా, కాలం గడిచేకొద్దీ గాజు మీద నమ్మకం తగ్గించుకోవాలన్నది ఈ తేడాకు అర్థం. వేగం పెరిగితే ఎక్కువగా లాభపడే పోగే, వేగం తగ్గితే ఎక్కువగా నష్టపోతుంది. కార్బన్‌కు ఆ లాభమూ లేదు, ఈ నష్టమూ లేదు.

రెండు కొసలూ ఒకే వస్తువులో కలిసే ఉదాహరణ అనంతపురం, కర్నూలు ప్రాంతపు కొండల మీద తిరిగే గాలిమరలు. ఇటువంటి రెక్కల్లో అధిక భాగం గాజు పోగులదే. రెక్క తన బరువునూ గాలి ఒత్తిడినీ ఇరవై ఏళ్ళపాటు, కోట్లాది ఆవృత్తాలుగా మోయాలి. ఇది నిచ్చెన కింది భాగం. అదే రెక్క కొస సెకనుకు 80 మీటర్లకు పైగా వేగంతో దూసుకుపోతూ వాన చినుకులను ఢీకొంటుంది. నేలమీద నిలబడ్డ మనిషికి మెత్తగా తగిలే చినుకు, ఆ అంచుకు సుత్తి దెబ్బ. ఏళ్ళు గడిచేసరికి ముందంచు మీది పూత, దాని కింది జిగురు చెక్కుకుపోతాయి. ఇది నిచ్చెన పైభాగం. ఒకే రెక్కను రూపొందించే ఇంజనీరు ఒకే పదార్థానికి రెండు వేర్వేరు బలాలను దృష్టిలో పెట్టుకోవాలి.

నేడు విమానాల, వాహనాల తాకిడిని కంప్యూటరు మీద అనుకరించే పద్ధతుల్లో ప్రతి దిశకూ, లాగుడుకూ నొక్కుడుకూ కోతకూ విడివిడిగా, బలం వేగంతో ఎలా మారుతుందో ఇవ్వవలసి ఉంటుంది. నిదానపు పరీక్ష అంకెలనే అన్నిచోట్లా వాడితే క్షేమమేనని ఒక నమ్మకం ఉంది. వేగంతో బలం పెరుగుతుంది కదా, తక్కువ అంచనా వేస్తే నష్టమేమిటన్నది ఆ వాదం. నొక్కుడు విషయంలో అది చాలావరకు నిలుస్తుంది. అయితే ఒక భాగం అనుకున్నదానికంటే గట్టిగా నిలిస్తే, విరగవలసిన చోట విరగక, భారాన్ని పక్క భాగానికి నెడుతుంది. కారు ముందుభాగం నలగవలసినంత నలగకపోతే దెబ్బ లోపల కూర్చున్నవారికి చేరుతుంది. జిగురు గట్టిపడి పెళుసైతే, పొరలు ఊడిపోవడం ముందే మొదలుకావచ్చు. పైగా ఏళ్ళ తరబడి నిలిచే భారం విషయంలో నిదానపు పరీక్ష అంకె కూడా ఎక్కువ అంచనాయే అవుతుంది.

పట్టికలోని బలం అంకె అబద్ధం కాదు. దాని పక్కన రాయని మాట ఒకటి ఉంది: ఎంతసేపట్లో, ఏ దిశలో, ఎంత తేమలో. పళ్ళెం అంచున పాకం చూసే చెయ్యి ఆ మాటను అడగకుండానే తెలుసుకుంటుంది. మెల్లగా ఒకసారి లాగి, గట్టిగా ఒకసారి కొట్టి, రెండూ చూశాకే పొయ్యి మీదనుంచి గిన్నె దించుతుంది.